సముద్రపు అడుగున లాగే వలలు: తేడా నోటి దగ్గర మొదలవుతుంది

‘బాటమ్ ట్రాలింగ్’ అనే ఒక్క మాట కింద ట్రాల్ వల, బీమ్ ట్రాల్, డ్రెడ్జి, డేనిష్ సీన్ అన్నింటినీ కలిపి రాస్తున్నారనీ, ఇవన్నీ ఒకటేనా అనీ, కాకపోతే తేడా ఎక్కడుందో, వీటిలో సముద్రపు అడుగుకు ఎక్కువ హాని చేసేది ఏదో చెప్పమనీ మీరు అడిగారు. వలల తయారీలోనూ, వాటిని పడవల మీద పరీక్షించడంలోనూ చాలా ఏళ్లు గడిపిన నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతూనే ఉంటుంది. పేర్లను పట్టుకుని వీటిని వేరుచేయబోతే చిక్కుపడతాం, ఎందుకంటే ఒకే సాధనానికి రేవుకొక పేరు ఉంటుంది, ఒకే పేరుతో రెండు వేరు సాధనాలూ ఉంటాయి. అందుకు బదులు వల నోటిని తెరిచి ఉంచుతున్నది ఏమిటి, నేలకు తగులుతున్నది ఏమిటి అనే రెండు ప్రశ్నలు వేసుకుంటే అది ఏ జాతి సాధనమో, ఏం పడుతుందో, ఎంత ఇంధనం తాగుతుందో, నేలను ఎంత కెలుకుతుందో దాదాపుగా తెలిసిపోతుంది.

నోటి గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నీటిలో లాగిన ఏ వల సంచి అయినా తనంతట తాను మూసుకుపోతుంది. ఎత్తుగా తెరిచి ఉంచడం కష్టం కాదు, పై తాడుకు బెండ్లు, అడుగు తాడుకు బరువులు కడితే సరిపోతుంది. వెడల్పుగా తెరిచి ఉంచడమే అసలు సమస్య. ఈ వృత్తి చరిత్ర చాలావరకు ఆ సమస్యకు మనుషులు వెతుక్కున్న పరిష్కారాల చరిత్రే.

అన్నింటికంటే పాతది, సూటిగా ఉన్నది దూలం. వల నోటికి అడ్డంగా ఒక దూలాన్ని, దాని రెండు కొసల కింద జారుడు బద్దెల వంటి ఇనుప చట్రాలను అమర్చి లాగితే వెడల్పు మారే ప్రసక్తే ఉండదు. దీన్నే బీమ్ ట్రాల్ అంటారు. 1376లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డుకు అక్కడి పార్లమెంటు ద్వారా అందిన ఒక ఫిర్యాదులో ఇటువంటి సాధనం వర్ణన ఉంది. వల పొడవు 3 బారలు, వెడల్పు 10 అడుగులు, ముందు 10 అడుగుల దూలం, అడుగున సీసపు బరువులు, రాళ్లు, కన్ను రెండు బొటనవేళ్ల వెడల్పు మాత్రమే. అది నీటి అడుగున ఉన్న మొక్కలనూ, ఆల్చిప్పలనూ, పెద్ద చేపలకు మేతగా ఉండే చిన్న చేపలనూ నాశనం చేస్తోందని వారు మొరపెట్టుకున్నారు. ఈనాటి వాదనలో కొత్తదనం ఎంతో తెలుసుకోవాలనుకునే వారికి ఆ ఫిర్యాదు మంచి సమాధానం.

నేటి బీమ్ ట్రాల్‌లో దూలం ఉక్కు గొట్టం. ఉత్తర సముద్రంలోని పెద్ద పడవలు రెండు పక్కలా బయటికి చాచిన స్తంభాల నుంచి చెరొక ట్రాల్‌ను లాగుతాయి, ఒక్కో దూలం 12 మీటర్ల దాకా ఉంటుంది. యూరప్‌లో తీరానికి 12 మైళ్ల లోపల దూలాల మొత్తం పొడవు 9 మీటర్లకు మించరాదనే నియమం ఉన్నందున, అక్కడ చేపలు పట్టేందుకే ఒక చిన్న పడవల తరగతి తయారైంది. ఈ సాధనం ముఖ్యంగా ఇసుకలో ఒదిగి పడుకునే నాలుక చేపల వంటి చదును చేపల కోసం. అటువంటి చేప పక్కన వల వచ్చినా కదలదు, దాన్ని ఇసుకలోంచి లేపాలి. అందుకని నోటి ముందు అడ్డంగా వరసగా గొలుసులు వేలాడదీస్తారు, అవి నేలను పైపైన కెలుక్కుంటూ పోతాయి. రాళ్లున్న చోట విడి గొలుసులకు బదులు అల్లిన గొలుసు చాపను వాడతారు, లేకుంటే పెద్ద బండలు వలలోకి దొర్లి సంచిని చీల్చేస్తాయి. ఇంత బరువును, ఒక్కోసారి 6 నాట్ల (అంటే గంటకు 6 సముద్రపు మైళ్ల) వేగంతో, లాగడానికి ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది.

బీమ్ ట్రాలర్ల మీద పనిచేసే వారికి ఇంకొక భయం కూడా ఉంటుంది. లాగుడు బలం పడవ పక్కన, స్తంభం కొసన పడుతుంది కనుక, ఒక పక్క వల నేలను పట్టుకుంటే పడవ ఒరిగి తిరగబడే ప్రమాదం ఉంది. ఆ లాగుడును స్తంభం కొస నుంచి వెంటనే విడిపించి పడవ అంచుకు తెచ్చే ఏర్పాటు లేని బీమ్ ట్రాలర్‌ను నేనైతే సముద్రంలోకి పంపను.

గొలుసుల బదులు విద్యుత్ తీగలు అమర్చి, చిన్న చిన్న విద్యుత్ స్పందనలతో చేపలను లేపే పద్ధతిని నెదర్లాండ్స్‌లో పెద్ద ఎత్తున ప్రయత్నించారు. నేలకు తగిలే ఇనుము తగ్గింది, వేగం తగ్గింది, దానితో ఇంధనమూ బాగా తగ్గింది. అయినా విద్యుత్తుతో చేపలు పట్టడం పట్ల ఉన్న వ్యతిరేకత గెలిచి, యూరోపియన్ యూనియన్‌లో 2021 జూలై 1 నుంచి ఆ పద్ధతి పూర్తిగా నిషిద్ధమైంది. నా అంచనాలో ఆ చర్చ నేల గురించి జరిగినదానికంటే, ఎవరి పడవకు ఎంత చేప దక్కుతుందన్న దాని గురించే ఎక్కువగా జరిగింది.

దూలానికి ఒక హద్దు ఉంది. దాన్ని పడవ మీదికి ఎత్తాలి కనుక అది పడవ మోయగలిగినంత పొడవే ఉండగలదు. 1881లో ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవు నుంచి జోడియాక్ అనే ఆవిరి ట్రాలర్ బయలుదేరిన తరువాత లాగుడు బలానికి కొదవ లేకుండా పోయింది, అడ్డం వచ్చింది దూలమే. 1890ల మధ్యలో స్కాట్లండులోని గ్రాంటన్ రేవులో దూలాన్ని తీసేసి, వలకు రెండు పక్కలా రెండు బరువైన పలకలను కట్టారు. ఇవే ఆటర్ బోర్డులు. గాలిపటం గాలికి వాలుగా నిలబడి పైకి లేచినట్టే, ఈ బోర్డు నీటికి వాలుగా నిలబడి పక్కకు తోసుకుపోతుంది. నేల మీద రాచుకునే బురద కూడా దాన్ని బయటికే నెడుతుంది. రెండు బోర్డులు రెండు దిక్కులకు తోసుకుపోతుంటే వల నోరు వాటి మధ్య తెరుచుకుంటుంది. ఈరోజు ప్రపంచంలో అడుగున లాగే వలల్లో ఎక్కువ భాగం ఈ ఆటర్ ట్రాల్ కుటుంబానికే చెందుతాయి కనుక దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

బోర్డుతో తెరుచుకునే నోరు దూలంతో తెరుచుకున్న నోటిలా స్థిరం కాదు. అది వేగాన్ని బట్టి, లోతును బట్టి, విడిచిన ఉక్కు తాడు పొడవును బట్టి మారుతూ ఉంటుంది. పడవ నుంచి బోర్డు దాకా ఉండే ఈ ఉక్కు తాడును వార్పు అంటారు. 20 బారల లోతులో 80 నుంచి 100 బారల వార్పు విడవవలసి రావచ్చు, 300 బారల లోతులో మాత్రం రెండింతలకు కాస్త పైన చాలు, ఎందుకంటే అంత పొడవు తాడుకు సొంత బరువే సాయపడుతుంది. వార్పు చాలకపోతే బోర్డులు నేలను వదిలి లేస్తాయి. వేగం మరీ తగ్గితే పక్కకు పడిపోతాయి. పడవను ఒక్కసారిగా తిప్పినప్పుడు లోపలి వైపు బోర్డు వేగం కోల్పోయి పడిపోవడం అందరికీ అనుభవమే. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో అలాగే ఒక బోర్డు బురదలో కూరుకుపోయి, రెండవది దాని మీదుగా దాటిపోయి, వార్పులు జడలా పెనవేసుకుపోయాయి. వాటిని విడదీయడానికి ఒక పగలంతా పట్టింది. అంతకంటే బాగా ఏ పుస్తకమూ బోర్డు గురించి నాకు నేర్పలేదు.

బోర్డు కింద అరుగుదల కోసం వేసే ఇనుప పట్టీని చూసి అనుభవజ్ఞులు కళ్లకు కనబడని అడుగున ఏం జరిగిందో చెప్పేస్తారు. పట్టీ పొడవునా నిగనిగలాడుతుంటే బోర్డు సరిగ్గా నడిచినట్టు. వెనుక కొస మాత్రమే మెరిసి ముందు కొస తుప్పుతో ఉంటే ముక్కు ఎత్తి నడిచినట్టు. ముందు కొసే అరిగితే నేలను ముక్కుతో దున్నుకుంటూ పోయినట్టు. ఇప్పుడు బోర్డుల మధ్య దూరాన్నీ, నోటి ఎత్తునూ, సంచి నిండిన తీరునూ పడవలోని తెర మీద చూపే పరికరాలు వచ్చాయి, అయినా పైకి వచ్చిన బోర్డు అడుగు చూడకుండా వదిలే కెప్టెన్ ఉండడు.

1920లలో వచ్చిన మార్పు బోర్డును వలకు ఆనించి కట్టకుండా, రెండింటి మధ్య పొడవైన తాళ్లు వేయడం. ఇది విన్యెరాన్-డాల్ పద్ధతిగా ప్రసిద్ధం. ఆ తాళ్లు నేల మీద రాచుకుంటూ బురదను మేఘంలా లేపుతాయి, చేపలు ఆ మేఘానికీ తాటికీ బెదిరి మధ్యకు జరుగుతాయి. అలా మధ్యకు తోలబడిన చేప వల నోటి ముందు వలతో సమానంగా కొంతసేపు ఈదుతుంది, అలిసిపోయాక వెనక్కి జారి సంచిలో పడుతుంది. అంటే ట్రాల్ చేపను మింగేదానికంటే మందను తోలినట్టు తోలేది ఎక్కువ. బోర్డుల మధ్య దూరం వల నోటికి ఎన్నో రెట్లు ఉండటానికి కారణం ఇదే. రొయ్య మాత్రం ఇలా తోలితే రాదు, అది తాటికి ఎదురైతే దాని మీదుగా ఎగిరి వెనక పడుతుంది. అందుకే రొయ్యల ట్రాల్‌లో ఈ తాళ్లు పొట్టిగా ఉంటాయి, బోర్డులు వల రెక్కలకు దగ్గరగా ఉంటాయి, అడుగు తాడుకు ముందు ఒక గొలుసు నడుస్తుంది. పడవ వెనుక కనిపించే అమరిక చూసి అది రొయ్యకు వెళుతోందా చేపకు వెళుతోందా అన్నది చెప్పడానికి నాకు ఈ ఒక్క గుర్తే చాలు.

అడుగు తాడు నేలకు తగ్గట్టు మారుతుంది. మెత్తని బురదలోనూ ఇసుకలోనూ తాడు చుట్టిన గొలుసు చాలు. గులకరాళ్ల మీద దొర్లే గుండ్లు వేస్తారు. ఇక రాతి నేలకు వాడే రాక్‌హాపర్‌లో పెద్ద రబ్బరు చక్రాలను తిరగకుండా బిగించి గుచ్చుతారు, రాయి తగిలితే అది కిందికి మెలిపడి ఎగిరి అవతల దిగుతుంది. నేలకు జరిగిన హానిలో ఈ రబ్బరు చక్రాల పాత్రను చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అంతకుముందు వల చిరుగుతుందన్న భయమే రాతి నేలలను కాపాడేది. ఆ భయం పోయాక వల అంతవరకు చేరని చోట్లకు చేరింది.

సంచి సంగతి వేరే చర్చ అయినా ఒక మాట చెప్పాలి. మామూలు వల కన్ను కట్టడంలో వజ్రాకారంగా ఉంటుంది, సంచి నిండి బరువు పడగానే ఆ కళ్లు సన్నగా సాగి మూసుకుపోతాయి, చట్టం అడిగిన కొలత ఉన్నా చిన్న చేప బయటికి పోలేదు. అదే వలను చతురస్రంగా, లేక 90 డిగ్రీలు తిప్పి కడితే కళ్లు తెరుచుకునే ఉంటాయి. చల్లని సముద్రాల రొయ్యల ట్రాల్‌లో వాడే నార్డ్‌మోర్ జల్లెడలో కడ్డీల మధ్య సందు 19 మిల్లీమీటర్లు ఉంటుంది, రొయ్య దాటిపోతుంది, చేప జారుకుని పైనున్న కిటికీలోంచి బయటపడుతుంది. వెచ్చని సముద్రాల్లో తాబేళ్ల కోసం పెట్టే చట్రం పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే, కాకపోతే కడ్డీల మధ్య దాదాపు 10 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది.

ఒకే పడవ రెండు వలలను పక్కపక్కనే లాగితే దాన్ని ట్విన్ రిగ్ అంటారు, మధ్యలో బోర్డు బదులు ఒక బరువైన ఇనుప ముద్ద నడుస్తుంది. ఒక పెద్ద వలకు బదులు రెండు పొట్టి వలలు వేయడం వల్ల ఎత్తు తగ్గి వెడల్పు పెరుగుతుంది, కనుక నేలకు అంటుకుని ఉండే రొయ్యలకు, చదును చేపలకు ఇది లాభం. రెండు పడవలు ఒకే వలను లాగితే జంట ట్రాల్. అక్కడ నోరు తెరిచేది పడవల మధ్య దూరమే కాబట్టి బోర్డుల అవసరం ఉండదు, బోర్డులు నేలలో చేసే గాడీ ఉండదు. అయితే రెండు ఇంజన్ల బలం, చాలా పెద్ద నోరు కలిసి ఒక్క లాగుడులో వచ్చే చేప ఎంతో ఎక్కువ. నేలకు మేలు, చేపల నిల్వకు కీడు అన్నట్టు ఒకే సాధనం రెండు వేరు లెక్కలలో రెండు రకాలుగా తేలవచ్చని దీనితో అర్థమవుతుంది.

ఇక డ్రెడ్జి. దీన్ని వల అనడం కూడా సరి కాదు, ఇది ఇనుప చట్రానికి తగిలించిన ఇనుప రింగుల సంచి. నోరు చట్రమే కనుక తెరవడమనే సమస్యే లేదు, అందుకే ఇది చిన్నదిగా, బరువుగా ఉంటుంది. నేలలో కూరుకుని ఉండే గుల్లలను పట్టడానికే దీన్ని తయారు చేశారు. విసనకర్ర ఆకారపు స్కాలప్‌ల కోసం బ్రిటన్‌లో వాడే న్యూహేవెన్ డ్రెడ్జి వెడల్పు సుమారు 75 సెంటీమీటర్లే, కాని దాని ముందు అంచుకు స్ప్రింగులతో బిగించిన పళ్ల కడ్డీ ఉంటుంది, దంతె పొలంలో మట్టిని గీరినట్టు అది నేలను గీరుతుంది. పన్ను రాతికి తగిలితే స్ప్రింగు వెనక్కి వంగి రాతిని దాటిస్తుంది. ఇటువంటి వాటిని ఒక కడ్డీకి వరసగా కట్టి పడవకు రెండు పక్కలా లాగుతారు. అమెరికా తూర్పు తీరంలోని న్యూ బెడ్‌ఫర్డ్ డ్రెడ్జి దీనికి భిన్నం. దానికి పళ్లు ఉండవు, వెడల్పు 15 అడుగుల దాకా ఉంటుంది, రింగుల వ్యాసం 4 అంగుళాలు. హైడ్రాలిక్ డ్రెడ్జి మరీ వేరు: నీటిని గొట్టాల ద్వారా అధిక పీడనంతో నేలలోకి చిమ్మి, ఇసుకను జావలా చేసి, అందులోంచి మట్టగుల్లలను ఏరుకుంటుంది. గుల్లలు పగలకుండా, మిగలకుండా పట్టడంలో దానికి సాటి లేదు, నేలను లోతుగా తిరగేయడంలోనూ లేదు. డ్రెడ్జి అంటేనే భారీ యంత్రం అనుకోనక్కరలేదు. ఇంగ్లండులోని ఫాల్ నదీముఖంలో ఇంజను వాడకుండా తెరచాపతోనో తెడ్లతోనో మాత్రమే ఆల్చిప్పలను డ్రెడ్జి చేయాలన్న నియమం నేటికీ అమలులో ఉంది.

డేనిష్ సీన్‌ను ఈ జాబితాలో చేర్చాలా వద్దా అన్నది వివాదాస్పదం. 1848లో డెన్మార్క్‌లోని లిమ్‌ఫ్యోర్డ్‌లో యెన్స్ లౌర్సెన్ వేవర్ దీన్ని రూపొందించాడు. లంగరు వేసిన చోటు నుంచి పడవ ఒక పొడవైన తాడు, తరువాత వల, మళ్లీ తాడు విడుస్తూ గుండ్రంగా తిరిగి లంగరు దగ్గరకు వచ్చి, రెండు కొసలనూ కలిపి మెల్లగా లాగుతుంది. తాళ్లు ఒక్కో వైపు రెండు మూడు కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. నేల మీద అవి దగ్గరకు జరిగేకొద్దీ చేపలు లోపలికి తోలబడతాయి, చివరికి వల వాటిని కలుపుకుంటుంది. స్కాట్లండు వారు లంగరు తీసేసి, పడవ ముందుకు కదులుతూనే తాళ్లను చుట్టే పద్ధతి తెచ్చారు. ఇక్కడ బోర్డులు లేవు, దూలం లేదు, గొలుసులు లేవు. నేలను తాకేది ఎక్కువగా తాళ్లే, ఇంధనం తక్కువ, చేప నలగకుండా వస్తుంది. అయితే నేల శుభ్రంగా ఉండాలి, ఒక పెద్ద రాయి తాడును పట్టుకుంటే ఆ లాగుడు అంతటితో వృథా. నేలకు తగలడం లోతుగా కాకపోయినా, తాళ్లు తుడిచే విస్తీర్ణం చాలా పెద్దదని కూడా గుర్తుంచుకోవాలి.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ప్రపంచమంతటి ప్రయోగాలను కలిపి చూసి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, ఆటర్ ట్రాల్ ఒకసారి పోయిన చోట నేలలోని జీవరాశిలో 6 శాతం పోతుంది, అది సగటున 2.4 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. బీమ్ ట్రాల్‌కు ఆ అంకెలు 14 శాతం, 2.7 సెంటీమీటర్లు. లాగుడు డ్రెడ్జికి 20 శాతం, 5.5 సెంటీమీటర్లు. హైడ్రాలిక్ డ్రెడ్జికి 41 శాతం, 16.1 సెంటీమీటర్లు. లోతు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుందన్నది ఈ వరసలోనే కనిపిస్తుంది. సగానికి తగ్గిన జీవరాశి 95 శాతానికి కోలుకోవడానికి 1.9 నుంచి 6.4 ఏళ్లు పడుతుందని కూడా ఆ విశ్లేషణ తేల్చింది.

ఈ అంకెలను ఆఖరి తీర్పుగా మాత్రం తీసుకోకండి. ఇవి ఒక్క లాగుడుకు సంబంధించినవి. డ్రెడ్జి ఒక చిన్న గుల్లల మైదానంలో తిరుగుతుంది, ఆటర్ ట్రాల్ సముద్రంలో ఎంతో పెద్ద విస్తీర్ణం మీద తిరుగుతుంది, మొత్తం ప్రభావం లెక్కిస్తే వరస తారుమారు కావచ్చు. పైగా సగటు లోతు అంటే బోర్డు గాడి, మెత్తని వల అడుగు రెండూ కలిసిన సగటు. మెత్తని బురదలో బోర్డు చేసే గాడి ఆ సగటుకు ఎన్నో రెట్లు లోతుంటుంది, కాని వల వెడల్పుతో పోలిస్తే అది సన్నని చాలు మాత్రమే. అలలు ఎప్పుడూ తిరగేసే నిస్సార ఇసుక నేల త్వరగా సర్దుకుంటుంది, లోతు నీటి బురద నేల అంత త్వరగా సర్దుకోదు. చల్లని లోతుల్లో ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పెరిగే పగడపు దిబ్బ మీదుగా రాక్‌హాపర్ ఒక్కసారి పోయినా, అక్కడ పోయినది మన తరంలో తిరిగి రాదు. నార్వే 1999లో సూలా దిబ్బ దగ్గర అడుగు ట్రాలింగ్ ఆపడానికీ, యూరోపియన్ యూనియన్ 2016లో 800 మీటర్లకు దిగువన దాన్ని నిషేధించడానికీ కారణం సాధనం కంటే నేలే.

కాబట్టి మీరు ఇకపై ఎక్కడైనా ‘బాటమ్ ట్రాల్’ అనే మాట చూసినప్పుడు అది ఏ నేల మీద, ఏ చేప కోసం అన్నది కూడా రాశారేమో చూడండి, రాయకపోతే ఆ అంకెను పోల్చడానికి వాడవద్దు. ఈ మధ్య కొన్ని పడవలు బోర్డులను నేల నుంచి కాస్త పైకెత్తి నడుపుతూ, వల అడుగు తాడును మాత్రం నేలకు తాకించి లాగుతున్నాయి. ఇంధనం తగ్గుతుంది, లోతైన గాడి అసలు పడదు, పట్టీ తుప్పు పట్టే ఉంటుంది. అధికారిక లెక్కల్లో మాత్రం అవి కూడా మిగతా వాటితో కలిపి అదే గడిలో నమోదవుతాయి.